టెక్సస్ ఎండకి పాలకూర కాదు, తీగబచ్చలి

డాలస్ వైపు కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు మే నెల వచ్చేసరికి నన్ను అడిగే మాట ఒకటే: "పాలకూర వేశామండీ, రెండుసార్లు కోసేలోపే కాడ సాగి పూతకొచ్చింది, ఆకు చేదుగా ఉంది. మట్టి బాగోలేదా?"

మట్టి తప్పేం లేదు. ఇక్కడి పాలకూర చలి పంట. పగటి పొద్దు పెరిగి ఎండ ముదిరితే పూతకి పోతుంది. దాన్ని అక్టోబరులో వేసుకోండి. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో కూడా కళకళలాడేది మన తీగబచ్చలే.

విత్తనాలు మాత్రం ఊరి నుంచి సూట్‌కేసులో తేకండి. సరైన కాగితాలు లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడొచ్చు. మలబార్ స్పినాచ్ అని అడిగితే ఇక్కడే ప్యాకెట్లు దొరుకుతాయి. అంతకన్నా తేలిక, ఇండియన్ స్టోర్‌లో ఒక కట్ట కొనడం. ఆకు వండుకుని, ముదురు కాడలు జానెడు చొప్పున తుంచి గ్లాసు నీళ్లలో పెట్టండి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. గింజలే వేస్తే రాత్రంతా నానబెట్టండి, మిరియపు గింజంత ఉంటాయి గానీ పెంకు గట్టిది.

తొందరపడకండి. మొదటి ఏడాది నేను మార్చి మొదట్లోనే నాటేశాను. ఒక్క రాత్రి మంచుకి మొక్కలన్నీ ఉడికిన ఆకులా నల్లబడి వాలిపోయాయి. ఏప్రిల్ సగం దాటనివ్వండి. పెరటి ఫెన్స్‌కి తాళ్లు కట్టి పాకించండి, మొదట్లో ఎండుగడ్డి పరిచి నేల తడి ఆరకుండా చూడండి. చివుళ్లు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వస్తాయి.

జిగురని పిల్లలు తినకపోతే పులుపు పెంచండి, సగం తగ్గుతుంది. పప్పులో చింతపండు, లేదంటే పుల్ల మజ్జిగతో పులుసు. మా ఇంట్లో అందరికీ ఇష్టం కంద బచ్చలి. ఫ్రీజర్‌లో దొరికే కంద ముక్కలూ ఆకూ కాడా కలిపి మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోసి దగ్గరకి రానిచ్చి, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టండి. ఆవ ముద్ద మాత్రం స్టవ్ కట్టేసి, కూర కాస్త చల్లారాకే కలపాలి. మంట మీద వేస్తే ఘాటు పోతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తినండి, బచ్చలిలో రాళ్లు కట్టడానికి దోహదం చేసే ఆక్సలేట్లు ఉంటాయి.

నవంబరులో మంచు పడబోతోందని తెలిసిన సాయంత్రమే తీగంతా కోసేయండి. నాలుగు కాడలు కిటికీ దగ్గర గ్లాసులో పెట్టుకుంటే వచ్చే ఏడాదికి నారు ఉన్నట్టే.