మీరడిగారు: ఫంగస్ చూడ్డానికి మొదటి మైక్రోస్కోప్ ఏది కొనాలి?

వానలు మొదలయ్యాయంటే పుట్టగొడుగుల ఫోటోలు, ఆకుమచ్చల ఫోటోలు, వాటి వెనకాలే మైక్రోస్కోప్ ప్రశ్నలు వస్తుంటాయి. ఈసారి అన్నీ ఆ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. బీఎస్సీ బాటనీ అయిపోయింది, అనంతపురం జిల్లాలో మా ఊళ్ళోనే ఉండి పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటున్నా. మాది వేరుశెనగ పొలం. ఆకుమచ్చలు, తుప్పు తెగులు, వానకి లేచే పుట్టగొడుగులు, అన్నీ సొంతంగా చూడాలని ఉంది. కాలేజీలో నలుగురైదుగురికి ఒక మైక్రోస్కోప్ కాబట్టి తీరిగ్గా చూసిందే లేదు. ట్యూషన్లు చెప్పి 12 వేలు దాచుకున్నా. ఆన్‌లైన్‌లో ఒకరు 1500ఎక్స్ అంటారు, ఇంకొకరు 2000ఎక్స్ అంటారు, రెండు వేలకే యూఎస్‌బీది 1000ఎక్స్ అంటారు. ఏది తీసుకోమంటారు? (డిగ్రీ పూర్తిచేసిన పాఠకురాలు)

జవాబు: 12 వేలు చాలమ్మా, నిజంగా చాలు, కాకపోతే ఎక్కడ ఖర్చుపెట్టాలి ఎక్కడ ఆపుకోవాలి అన్నది చూసుకోవాలి. ముందు ఆ ఎక్స్ నంబర్ సంగతి వదిలెయ్. 100ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపుండే లెన్స్) మీద 20ఎక్స్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) పెడితే లెక్కకి 2000 అయిపోతుంది, డబ్బా మీద అదే వేస్తారు, కానీ కొత్తగా కనపడేది ఏమీ ఉండదు, ఉన్న మసకే ఇంకా పెద్దగా కనపడుతుంది. నువ్వు చూడాల్సింది ఆబ్జెక్టివ్ పక్కన చెక్కి ఉండే చిన్న నంబర్, న్యూమరికల్ అపర్చర్ అంటారు, ప్రాక్టికల్స్‌లో వినే ఉంటావు. మామూలుగా 40ఎక్స్ మీద 0.65, చుక్క ఆయిల్ వేసి చూసే 100ఎక్స్ మీద 1.25 ఉంటుంది. 0.65 తో సుమారు అర మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దూరంలో ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనపడతాయి, 1.25 తో దాదాపు పావు మైక్రాన్ దాకా వెళ్ళొచ్చు. ఆ నంబర్‌ని వెయ్యితో గుణిస్తే ఎంతొస్తుందో అదే పనికొచ్చే మాగ్నిఫికేషన్‌కి పైహద్దు, అంటే 1250. ఇంక 2000 ఎక్కడిది చెప్పు.

యూఎస్‌బీవి ఇంకో రకం. అవి దగ్గరగా ఫోటో తీసే కెమెరాలు, స్క్రీన్ మీద బొమ్మ ఎంత పెద్దగా పడిందో అది కూడా కలిపేసి 1000ఎక్స్ అని చెప్తారు. ఆకు మీద తుప్పు పొక్కు, గొడుగు కింది రేకులు, ఇవి చూడ్డానికి బానే ఉంటాయి, స్పోర్ (ఫంగస్‌కి విత్తనం లాంటి సన్న రేణువు) లోపల ఏముందో మాత్రం చూపించవు. పొక్కులు, రేకులు చూసే పని 10ఎక్స్ చేతి లెన్స్ కూడా చేస్తుంది, జేబులో పెట్టుకుని పొలానికి తీసుకెళ్ళొచ్చు.

ఇప్పుడు నీ పొలంలోకే వద్దాం, ఎందుకంటే మొదలుపెట్టడానికి వేరుశెనగ కంటే మంచి పంట లేదు. తిక్క ఆకుమచ్చ రెండు రకాలు కదా, ముందు వచ్చేది ఒకటి, ఆలస్యంగా వచ్చేది ఒకటి. కంటితో చూస్తే మొదటిదానికి చుట్టూ పసుపు వలయం, రెండోది ఆకు కింద వైపు బాగా నల్లగా ఉంటుంది అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ పొలంలో రెండూ కలిసిపోయి చాలాసార్లు అర్థం కాదు. మచ్చ మీద సెల్లో టేప్ అద్ది, స్లైడ్ మీద చుక్క నీళ్ళేసి అతికించి 400ఎక్స్‌లో చూడు. ముందు వచ్చేదాని స్పోర్లు సన్నగా, పొడుగ్గా, దాదాపు రంగు లేకుండా, చాలా అడ్డుగోడలతో ఉంటాయి. ఆలస్యంగా వచ్చేదానివి కాస్త లావుగా, గోధుమ ఛాయలో, ఎక్కువగా మూడు నాలుగు అడ్డుగోడలతో ఉంటాయి. పేర్లు బట్టీ పట్టినవాళ్ళకి కూడా అది కళ్ళారా చూసిన రోజే అసలు సంగతి బుర్రకెక్కుతుంది. తుప్పు అయితే ఇంకా తేలిక, ఆకు కిందున్న ఆ ఎర్రపొడిని సూదితో గీకి పెడితే 20 మైక్రాన్ల పైన ఉండే గుండ్రటి స్పోర్లు 100ఎక్స్‌లోనే తెలుస్తాయి, 400కి వెళ్తే పైన ముళ్ళు కూడా కనపడతాయి.

మరి ఆయిల్ లెన్స్ ఎందుకు అంటావేమో. పుట్టగొడుగుల దగ్గరికొచ్చేసరికి కావాలమ్మా. చాలావాటి స్పోర్లు 5 నుంచి 12 మైక్రాన్లలోపే. కొబ్బరి మొదళ్ళ మీద, పాత చెట్ల మీద వచ్చే గానోడెర్మా స్పోర్‌కి రెండు పొరల గోడ, ఆ రెండు పొరల మధ్య చిన్న చిన్న స్తంభాల్లాంటివి ఉంటాయి, రుసులా అనే పుట్టగొడుగు స్పోర్ల మీద బుడిపెలు, వాటిని కలుపుతూ సన్న గీతలు ఉంటాయి. ఇవి ఆయిల్ లేకుండా తేలవు, జాతి గుర్తుపట్టేది వాటితోనే. అందుకే ఫంగస్ కోసం అయితే 4, 10, 40, 100 ఆయిల్, నాలుగు ఆబ్జెక్టివ్‌లూ ఉండాల్సిందే, 40 దగ్గర ఆగిపోయే స్కూల్ మోడల్ తీసుకోవద్దు.

దాంతోపాటు స్టేజ్ (స్లైడ్ పెట్టే బల్ల) కింద వెలుతురుని స్లైడ్ మీదికి చేర్చే ఆబె కండెన్సర్, దానికి తెరిచి మూసే ఐరిస్ ఉండాలి, కొన్నిట్లో ఊరికే తిరిగే చిల్లుల ప్లేట్ పెడతారు, అది వద్దు. స్లైడ్‌ని మరలతో జరిపే మెకానికల్ స్టేజ్ ఉండాలి, 1000ఎక్స్‌లో కనపడే వలయం అడ్డంగా 0.18 మిల్లీమీటరే, వేలితో నెడితే చూసేది ఎటో వెళ్ళిపోతుంది. ఫైన్ ఫోకస్ విడిగా ఉండాలి. అద్దం ఉన్నవి 400 దాకా పర్వాలేదు, ఆయిల్‌కి వెలుతురు చాలదు కాబట్టి ఎల్ఈడీ తీసుకో, కరెంట్ పోతుందనుకుంటే చార్జింగ్ బ్యాటరీతో వచ్చేవీ ఉన్నాయి. ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని ఉంటే మామూలు కొలతది, రేపు ఒకటి పాడైతే ఇంకొకటి సులువుగా దొరుకుతుంది.

మన దేశంలో ఇలాంటివి ఎక్కువగా హర్యానాలోని అంబాలాలో తయారవుతాయి, అక్కడినుంచే రకరకాల పేర్లతో షాపులకొస్తాయి, అందుకే పేరు కంటే చేత్తో తిప్పి చూడ్డం ముఖ్యం. పైన చెప్పినవన్నీ ఉన్న మోనోక్యులర్ (ఒక కంటితో చూసేది) షాపుని బట్టి అటూఇటూగా ఐదారు వేల నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. 12 వేలకి బైనాక్యులర్ కూడా చూపిస్తారు, కానీ ఆ ధరలో రెండు గొట్టాలు సరిగ్గా కుదరకపోతే అరగంటకే తలనొప్పి వస్తుంది. నన్నడిగితే మంచి మోనోక్యులర్ తీసుకుని మిగిలిన డబ్బు మైక్రోమీటర్ల మీద పెట్టు. ఐపీస్‌లో పెట్టే గీతల గాజు, ఆక్యులర్ మైక్రోమీటర్ ఒకటి, స్టేజ్ మీద పెట్టే కొలత గీతల స్లైడ్, స్టేజ్ మైక్రోమీటర్ ఒకటి. కొలత లేకుండా ఫంగస్ గుర్తుపట్టడం కుదరదమ్మా, ఏ పుస్తకం తీసినా స్పోర్ ఇన్ని మైక్రాన్లు అనే మొదలవుతుంది. స్టేజ్ మైక్రోమీటర్‌లో ఒక్కో గీత 10 మైక్రాన్లు. 40ఎక్స్‌లో పెట్టి ఐపీస్‌లోని 40 గీతలు కిందవాటి 10 గీతలతో కలిశాయనుకో, అంటే 40 గీతలు 100 మైక్రాన్లు, ఒక్కో గీత 2.5. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ ఒకసారి ఇలా చూసి కాగితం మీద రాసి మైక్రోస్కోప్‌కే అతికించు. స్టేజ్ మైక్రోమీటర్ మళ్ళీ మళ్ళీ అవసరం పడదు, మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక పూట ఇస్తే ఆ డబ్బూ మిగులుతుంది.

ఇంకా 0.17 మిల్లీమీటర్ల మందం గాజు కవర్ స్లిప్పులు (ప్లాస్టిక్‌వి వద్దు), ఇమ్మర్షన్ ఆయిల్ చిన్న సీసా, బ్లేడ్లు, చిన్న సీసా లాక్టోఫినాల్ కాటన్ బ్లూ (ఫంగస్‌కి నీలిరంగు పట్టించే ద్రవం). అందులో ఫినాల్ ఉంటుంది, చర్మం కాలుతుంది, గ్లౌజులు వేసుకో. ఇమ్మర్షన్ ఆయిల్ బదులు ఇంట్లో నూనెలు వేసి చూడొద్దు, ఆ ఆయిల్ వక్రీభవన గుణకం గాజుకి సరిపోయేలా 1.515 దగ్గర ఉంటుంది.

ప్రశ్న: మైక్రోస్కోప్ కొన్నాను అక్కా, కానీ పుట్టగొడుగు ముక్క పెడితే అంతా తెల్లటి వెలుగే, లేదంటే నల్లటి గుండ్రాలు. మెషిన్‌లో లోపమా? (ముత్యపు పుట్టగొడుగులు పెంచే పాఠకుడు, గుంటూరు జిల్లా)

జవాబు: ఆ నల్లటి గుండ్రాలు గాలి బుడగలు తమ్ముడూ. మెషిన్ బానే ఉండుంటుంది. ముక్క మందం ఎక్కువైంది, ఐరిస్ మొత్తం తెరిచి పెట్టావు, ఈ రెండే చాలామంది దగ్గర జరుగుతుంది. ముత్యపు పుట్టగొడుగు స్పోర్లకి, తంతువులకి రంగు ఉండదు, వెలుతురు ఎక్కువైతే అందులో కలిసిపోతాయి. కండెన్సర్‌ని దాదాపు పైదాకా ఎత్తి, ఐరిస్‌ని కొద్దికొద్దిగా మూసుకుంటూ రా, ఒక చోట అంచులు తేలతాయి, అక్కడ ఆపు. మరీ మూసేస్తే అన్నిటి చుట్టూ నల్లగీతలొచ్చి లేని వివరాలు ఉన్నట్టు కనపడతాయి.

ముక్క విషయానికొస్తే, కొత్త బ్లేడుతో రేకు అంచుని ఎంత సన్నగా కోయగలవో అంత సన్నగా కోసి, చుక్క నీళ్ళలో పెట్టి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చు, పైన టిష్యూ పెట్టి పెన్సిల్ రబ్బరు వైపుతో సున్నితంగా నొక్కు. ఎండిన గొడుగైతే 3 నుంచి 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో మళ్ళీ ఉబ్బుతుంది, అది కళ్ళలో పడకూడదు, లెన్స్‌కి అంటకూడదు. ముందు 4ఎక్స్, తర్వాత 10, తర్వాత 40, ఈ వరస తప్పొద్దు. ఆయిల్ వేశాక మళ్ళీ 40కి తిప్పొద్దు, దాని ముఖానికి ఆయిల్ పడితే ఎప్పుడు చూసినా మసకే.

స్పోర్లు మాత్రమే కావాలంటే ఇంకా తేలిక, గొడుగు టోపీని రాత్రంతా గాజు ముక్క మీద బోర్లించి పైన గిన్నె మూత పెట్టు, పొద్దునకి పొడి రాలుతుంది, అందులోంచి సూదిమొనంత చాలు.

ప్రశ్న: మా దగ్గర పాత డయాగ్నస్టిక్ ల్యాబ్ మూసేస్తున్నారు, బైనాక్యులర్ 9 వేలకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా మేడమ్? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: బాగుంటే తప్పకుండా తీసుకోండి, అదే డబ్బుకి కొత్తదానికంటే మంచిదొస్తుంది. మన ల్యాబుల్లో ఒలింపస్ సీహెచ్20ఐ లాంటివి చాలా ఏళ్ళు నడిచాయి, బాడీ గట్టిది. కానీ రోజూ వాడినవి, కాబట్టి పరీక్షించకుండా డబ్బు ఇవ్వొద్దు. ఆబ్జెక్టివ్‌లు విప్పి, ఐపీస్‌ని తీసి తలకిందులు చేసి భూతద్దంలా పట్టుకుని ఒక్కోదాని ముఖం చూడండి, గీతలు, ఎండిన ఆయిల్ ఎక్కువగా 40, 100 మీదే ఉంటాయి. ఎండిన ఆయిల్ తుడిస్తే పోతుంది, గీత పోదు. 40, 100ల మొనలు వేలితో నొక్కితే స్ప్రింగ్‌తో లోపలికి వెళ్ళి మళ్ళీ రావాలి. 40లో ఫోకస్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి, స్టేజ్ దానంతటదే దిగిపోకూడదు. రెండు కళ్ళతో చూస్తే ఒకే వలయం కనపడాలి.

కాకినాడ అన్నారు కాబట్టి ఇది ముఖ్యం, టార్చ్ వేసి ఐపీస్ గొట్టాల్లోంచి లోపలి ప్రిజమ్‌లు చూడండి. సాలెగూడులా సన్నని దారాలు అల్లుకుని ఉంటే అది లెన్స్ మీద పెరిగిన ఫంగస్. సముద్రపు తేమలో ఇది చాలా మామూలు. పైపైన ఉంటే రిపేర్ చేసేవాళ్ళు తుడిచిస్తారు, లెన్స్ పూతని తినేసి ఉంటే ఆ మచ్చ పోదు, అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి. తెచ్చుకున్నాక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. రెగ్జిన్ కవర్‌లో కట్టేసి గోడ బీరువాలో పెట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: మాది వరంగల్ జిల్లాలో ప్రభుత్వ బడి. పిల్లలకు బూజు చూపెట్టాలి, నా చేతిల మూడు వేలే ఉన్నయి. (సైన్స్ టీచర్)

జవాబు: మాస్టారూ, మూడు వేలకి ఒక నాసిరకం మైక్రోస్కోప్ కొని నలభై మందిని లైన్లో నిలబెట్టే కంటే ఫోల్డ్‌స్కోప్‌లు కొన్ని తీసుకోండి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోప్ అది, 2014లో దాని వివరాలు ప్రచురించారు. 140 రెట్లు, సుమారు 2 మైక్రాన్ల వివరం చూపిస్తుంది, ఫోన్ కెమెరాకి అతికించుకోవచ్చు. రొట్టె మీద రైజోపస్ అనే బూజు నల్లటి తలలు, ఉల్లిపాయ పొర మీద నల్లబూజు ఇందులో చక్కగా కనపడతాయి. స్పోర్ కొలతలు, గోడలు, ఇవి దీంతో కావు, పిల్లలకి ఆ అవసరమూ లేదు. బూజు పట్టిన రొట్టెని మూత ఉన్న డబ్బాలోనే ఉంచి, టేప్‌తో మీరే తీసి స్లైడ్ చెయ్యండి. ఆస్తమా ఉన్న పిల్లల్ని డబ్బా తెరిచేటప్పుడు దూరంగా ఉంచండి.

ప్రశ్న: స్పోర్లు చూసి పుట్టగొడుగు తినొచ్చో లేదో చెప్పొచ్చా? (చాలామంది)

జవాబు: చెప్పలేం. స్పోర్ ఏ గుంపుకి చెందిందో చెప్పడానికి సాయం చేస్తుంది, విషం ఉందో లేదో చూపించదు. పచ్చిక మీద వచ్చే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ ముదిరాక దాని స్పోర్ పొడి ఆకుపచ్చగా పడుతుంది, అది విషం, ఇలాంటి గుర్తు ఉన్నవి చాలా కొద్ది. ప్రాణం తీసే అమనిటా అనే పుట్టగొడుగుల స్పోర్ పొడి తెల్లగా ఉంటుంది, తినేవాటిలోనూ చాలావాటి పొడి తెల్లదే. ఆ విషం ఉడికించినా పోదు, వాంతులు మొదలయ్యేది తిన్న ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, మధ్యలో కాస్త తగ్గినట్టు కూడా ఉంటుంది, అప్పటికే లివర్ దెబ్బతింటూ ఉంటుంది. ఎవరైనా తిని వాంతులు చేసుకుంటుంటే మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, మిగిలిన పుట్టగొడుగు ముక్కలు కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్ళండి.