టైరు మార్చే పనిముట్లు కొనేముందు చైన్ సంగతి చూడండి

ప్రశ్న: రోజూ బైక్ మీదే ఉద్యోగానికి వెళ్తాను. నెలకు సుమారు 1,000 కిలోమీటర్లు తిరుగుతాను. ఈమధ్య వెనుక టైరు మార్పిస్తే వచ్చిన బిల్లు చూసి, ఇకపై టైర్లు, సర్వీసింగ్ అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనిపించింది. టైరు లీవర్లు, స్టాండు, గాలి కంప్రెసర్, టార్క్ రెంచ్ (బోల్టును సరిగ్గా చెప్పినంతే బిగించే పానా) వాయిదాల మీద కొనవచ్చా? నిజంగా డబ్బు మిగులుతుందా?

జవాబు: మిగులుతుంది. కాని మీరు మొదలుపెట్టాలనుకుంటున్న చోట కాదు.

టైరు బిల్లులో పెద్ద భాగం టైరు ధరే. దాన్ని మీరు ఎక్కించినా, మెకానిక్ ఎక్కించినా ఆ ధర మారదు. మీకు మిగిలేది లేబర్ చార్జీ ఒక్కటే. వెనుక టైరు 12,000 కిలోమీటర్లు వస్తుందనుకుంటే మీరు దాన్ని ఏడాదికోసారి మార్చాలి. ముందు టైరు సాధారణంగా ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. అది రెండేళ్లు వస్తుందనుకుంటే, రెండూ కలిపి రెండేళ్లకు మూడు మార్పులు. ఇప్పుడు పనిముట్ల మొత్తం ఖరీదును ఒక్క మార్పుకు మిగిలే లేబర్ చార్జీతో భాగించండి. 12 వచ్చిందనుకోండి, పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి 8 ఏళ్లు పడుతుంది. వాయిదాల వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. అప్పటిదాకా ఈ బైకే మీ దగ్గర ఉంటుందా? అందుకే వాయిదాలు వద్దని గట్టిగా చెబుతున్నాను.

పైగా టైరు పనిలో చేయి తిరగడానికి సమయం పడుతుంది. లీవరు కింద ట్యూబు నలిగి చిల్లు పడినా, అల్లాయ్ రిమ్ము అంచు దెబ్బతిన్నా మిగిలిందనుకున్న డబ్బు పోతుంది. దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. చక్రాన్ని మీరే విప్పి, చక్రం ఒక్కటే టైరు షాపుకు తీసుకెళ్లండి. విప్పి తెచ్చిన చక్రానికి తక్కువ తీసుకుంటారేమో ముందే అడగండి. కొత్త టైరు కొనేటప్పుడు పక్క గోడ మీది తేదీ కోడ్ కూడా చూడండి. చివరి నాలుగు అంకెలు 2324 అయితే అది 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. పాతబడిన సరుకుకు పూర్తి ధర పెట్టనవసరం లేదు.

అసలు డబ్బు మిగిలేది తరచూ చేయాల్సిన చిన్న పనుల్లో. గాలి పీడనం చూడటానికి గేజి ఒక్కటి చాలు. బండి నడపకముందే, టైరు చల్లగా ఉండగానే చూడాలి. గాలి తక్కువైతే టైరు అంచులు అరుగుతాయి, ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. వారానికి కొన్ని నిమిషాలు పెడితే టైరు ఆయుష్షు పెరుగుతుంది. లేబర్ చార్జీ ఆదా చేయడం కంటే టైరునే మరికొన్ని నెలలు నడపగలగడం పెద్ద లాభం కదా!

చైన్ సంగతి మరీ ముఖ్యం. బైకును బట్టి 500 నుంచి 1,000 కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ (కందెన) వేయాలి. అంటే మీకు నెలకు ఒకటి రెండుసార్లు. నిర్లక్ష్యం చేస్తే చైన్‌తో పాటు అది తిరిగే పళ్ల చక్రాలు, అంటే రెండు స్ప్రాకెట్లూ మార్చాల్సి వస్తుంది. బిగింపు మాన్యువల్ చెప్పిన కొలతలోనే ఉండాలి. మరీ బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్చడం కూడా నేర్చుకోదగిన పనులే. పాత ఆయిల్‌ను మాత్రం మట్టిలోనో కాలువలోనో పోయకండి. డబ్బాలో పట్టి, తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

ఈ లెక్కలో మీ సమయానికి వెల కట్టాలా అని చాలామంది అడుగుతారు. ఆ గంటలో మీరు నిజంగా వేరే సంపాదన వదులుకుంటుంటేనే కట్టండి. సెలవు రోజు ఉదయం ఇష్టంగా చేసే పనికి జీతం లెక్క వేయనవసరం లేదు.

బ్రేకుల విషయంలో మాత్రం పొదుపు చూడకండి. ప్యాడ్లు ఎంత అరిగాయో మీరే తరచూ చూసుకోండి, ఎందుకంటే పూర్తిగా అరిగిన ప్యాడ్ డిస్కును కూడా తినేస్తుంది. కాని విప్పి బిగించడం, ఫ్లూయిడ్ మార్చడం అనుభవజ్ఞుల చేతిలో పెట్టండి. పక్కన నిలబడి నేర్చుకోండి. బైక్ వారంటీలో ఉంటే ఆ షరతులు చదివాకే పానా పట్టుకోండి. కొన్న ప్రతి వస్తువు బిల్లూ, ఆనాటి కిలోమీటర్ల రీడింగూ ఒక పుస్తకంలో రాయండి. బైక్ అమ్మేటప్పుడు కొనేవారికి చూపించడానికి ఉంటుంది.

ఈ నెల గేజి, చైన్ బ్రష్, లూబ్, మంచి పానాల సెట్టు నగదుతో కొనండి. మీరే చేసుకున్న ప్రతి సర్వీసుకు మెకానిక్‌కు ఇచ్చే లేబర్ చార్జీని అదే రోజు వేరే ఖాతాలో వేయండి. లేకపోతే అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. ఆ ఖాతాలో సరిపడా జమయ్యాక టార్క్ రెంచ్ కొనండి. ఇంట్లో రెండు మూడు బైకులుంటేనో, స్నేహితులు ఖర్చు పంచుకుంటేనో కంప్రెసర్ లెక్క మళ్లీ వేయండి. రెండేళ్లలోపు డబ్బు తిరిగి వస్తుందని తేలితే కొనండి.