ఆరోగ్యం బాగోలేని నన్ను దేవుడు సేవకు పిలుస్తాడా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. బయాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పన్నెండో ఏట నుంచి టైప్ 1 డయాబెటిస్ ఉంది. దేవుని సేవ చెయ్యాలన్న భారం నాకు ఎప్పటినుంచో ఉంది. సంఘంలో పెద్దవాళ్లు ఫుల్‌టైమ్ సేవకు సమర్పించుకోమంటున్నారు. నాన్న ముందు ఉద్యోగం చూసుకోమంటున్నారు. నర్సింగ్ చేద్దామంటే నైట్ డ్యూటీలు తట్టుకోలేనని అమ్మ భయం. గత ఏడాది మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో ఇన్సులిన్ మానేసి ఐసీయూలో చేరాల్సి వచ్చింది. అప్పటినుంచి నా శరీరమే నా పిలుపుకు అడ్డమనిపిస్తోంది. కాలేజీ, ఇల్లు, సూదులు, ఇదే నా జీవితం. మా సండే స్కూల్లో ఒక తొమ్మిదేళ్ల బాబుకు ఈ మధ్యే ఇదే జబ్బు బయటపడింది. వాడికి వేలు పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువని చూపించి, షుగర్ చూసుకోవడం నేర్పుతున్నాను. అంతకుమించి నేను చేస్తున్న సేవ ఏమీ లేదు. దేవుడు నన్ను దేనికి పిలుస్తున్నాడో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదువు, ఉద్యోగం గురించి చెప్పే ముందు ఉపవాసం సంగతి మాట్లాడాలి. అది ప్రాణంతో ముడిపడిన విషయం.

టైప్ 1 ఉన్నవాళ్లకు తినకపోయినా ఇన్సులిన్ కావాలి. మనం ఏమీ ముట్టకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి ఇన్సులిన్ లేకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుపోతాయి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఇన్సులిన్ మానేసినవాళ్లు ఐసీయూ దాకా వెళ్లేది సాధారణంగా ఈ దారిలోనే. నీ విశ్వాసం చాలకే అలా అయిందని ఎవరైనా నీతో అని ఉంటే, ఆ మాట మనసులోంచి తీసెయ్యి. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలను కొన్నాళ్లు బతికించడానికి డాక్టర్ల చేతిలో ఉన్న ఒకే ఒక ఉపాయం, తిండి బాగా తగ్గించి పస్తులుంచడం. అంత కష్టపెట్టినా ఆ పిల్లలు దక్కేవారు కాదు. నీ బ్యాగులో ఉన్న ఇన్సులిన్ దేవుడు నీకిచ్చిన దయ. దాన్ని పక్కన పెట్టి ఆయన దగ్గరకు వెళ్లాల్సిన పని లేదు. ప్రార్థన ఎంతసేపైనా చెయ్యి. ఉపవాసం మాత్రం నీ డాక్టరును అడగకుండా వద్దు. పాస్టర్ గారితో ఈ సంగతి విడిగా, వివరంగా చెప్పు. ఉపవాసానికి పిలిచేవాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఎలా పనిచేస్తుందో తెలియదు. చెబితే అర్థం చేసుకుంటారు.

ఏలీయా ప్రవక్త కథ నీకు తెలిసిందే. ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్న మనిషిని దేవదూత తట్టి లేపి, ముందు తినమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ లేపి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించిందని చెప్పాడు. హోరేబు కొండ, అక్కడ వినిపించిన ఆ నిమ్మళమైన స్వరం ఆ తర్వాతి సంగతులు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ఈ వరుసను తలకిందులు చేసుకుంటారు. నిద్ర చాలక, షుగర్ నిలకడగా లేక, గుండె దడదడలాడుతున్నప్పుడు జీవితం మొత్తానికీ నిర్ణయం తీసుకోవాలని చూస్తారు. షుగర్ 70కి దిగిపోయినప్పుడు వచ్చే వణుకు, దిగులు, భయం నీకు అనుభవమే. ఆ గంటలో వచ్చే ఆలోచనను దేవుని స్వరమనీ అనుకోవద్దు, దేవుడు విడిచిపెట్టాడనీ అనుకోవద్దు. ముందు గ్లూకోజ్ నోట్లో వేసుకో. పావుగంట ఆగి మళ్లీ చూసుకో. ఆలోచనలు ఆ తర్వాత.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. నీ ఉత్తరంలో పిలుపు గురించి రాసిన చోటల్లా వేరేవాళ్ల మాటలే ఉన్నాయి. పెద్దవాళ్లు ఇలా అన్నారు, నాన్న అలా అన్నారు, అమ్మ భయపడుతోంది. నీ సొంత గొంతు వినిపించింది ఒక్క చోటే, ఆ బాబు గురించి రాసినప్పుడు. వేలికొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువని నువ్వు ఎక్కడో చదివి నేర్చుకుని ఉండవు. రోజూ గుచ్చుకుని, గుచ్చుకుని నేర్చుకుని ఉంటావు. డాక్టరు చెబితే తల ఊపే తొమ్మిదేళ్ల పిల్లాడు, నువ్వు నీ వేలు ముందు గుచ్చుకుని చూపిస్తే తన వేలు చాపుతాడు. “అంతకుమించి నేను చేస్తున్న సేవ ఏమీ లేదు” అని రాశావు. నేను మాత్రం అక్కడినుంచే మొదలుపెట్టమంటాను. నువ్వు అడ్డమనుకుంటున్న ఆ శరీరమే నిన్ను ఆ పిల్లాడి పక్కన కూర్చోబెట్టింది.

సిసిలీ సాండర్స్ అనే ఆవిడ గురించి చెప్పాలి. 1918లో ఇంగ్లండులో పుట్టింది. యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి లండన్‌లో నర్సింగ్‌లో చేరింది. ఆ పని ఆమెకు ప్రాణం. కానీ వెన్నునొప్పి వల్ల నర్సుగా కొనసాగలేకపోయింది. నీలాగే ఆమెకూ ఒళ్లే అడ్డం వచ్చింది. మళ్లీ చదువుకుని ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అయింది. ఆ రోజుల్లోనే క్రీస్తు విశ్వాసంలోకి వచ్చింది. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి క్యాన్సర్‌తో చనిపోతుంటే ఆయన పక్కన కూర్చునేది. నొప్పితో చనిపోయేవాళ్లకు ఒక చోటు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. నీ ఇంట్లో నేనొక కిటికీనవుతానని ఆయన ఆమెకు 500 పౌండ్లు రాసిచ్చి పోయాడు. ఆ తర్వాత ఆమె సాయంత్రాలు మరణశయ్య మీద ఉన్నవాళ్ల వార్డులో వలంటీరుగా పనిచేసింది. ఒక సర్జన్ సలహాతో 33వ ఏట మెడిసిన్‌లో చేరి 1957లో డాక్టరైంది. ఆ ఇల్లు, సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, తెరుచుకున్నది 1967లో. కిటికీ డబ్బు చేతికొచ్చాక 19 ఏళ్లు! నర్సింగ్, సోషల్ వర్క్, మెడిసిన్ మూడూ ఆమె తర్వాతి పనిలో కలిశాయి. నొప్పి అంటే ఒళ్లు మాత్రమే కాదు, మనసు, కుటుంబం, ఆత్మ కూడా అని ఆమె చెప్పగలిగింది ఆ మూడు వైపుల నుంచీ రోగిని చూసింది కాబట్టే. వెన్నునొప్పి రాకపోతే ఆమె మంచి నర్సుగా మిగిలేదేమో. నీకు ఇరవయ్యొక్కటే. 19 ఏళ్ల దారిలో మొదటి మలుపు కనిపిస్తే ఇప్పటికి చాలు.

నీ ముందున్న దారుల్లో నేను మొదట చూడమనేది డయాబెటిస్ ఎడ్యుకేటర్ పని. రోగికీ, ఇంట్లోవాళ్లకూ ఇన్సులిన్ వేసుకోవడం, తిండి లెక్క చూసుకోవడం, జ్వరం వచ్చిన రోజు ఏం చెయ్యాలో నేర్పేవాళ్లు వీళ్లు. నువ్వు ఆ బాబుకు నేర్పుతున్నది ఇదే. చాలా చోట్ల ఈ పనికి నేరుగా తీసుకోరు. ముందు నర్సింగో, న్యూట్రిషనో, ఫార్మసీయో చదివి, తర్వాత ఈ శిక్షణ అందుకోవాలి. బయాలజీ చదివావు కాబట్టి న్యూట్రిషన్, డైటెటిక్స్ నీకు దగ్గరి మెట్టు. పని వేళలు కూడా చాలావరకు పగలే. జబ్బు గురించి కన్నా జబ్బుతో ఇంట్లో నలిగిపోయే మనుషుల గురించి నీకు ఎక్కువ ఆలోచన ఉంటే, మెడికల్ సోషల్ వర్క్ చూడు. దానికి సోషల్ వర్క్‌లో పీజీ చెయ్యాలి. నర్సింగ్ నీకు మూసుకుపోయిన తలుపేమీ కాదు. టైప్ 1 ఉన్న నర్సులు, డాక్టర్లు ఉన్నారు. అయితే అమ్మ భయంలో నిజం ఉంది. రాత్రి మేలుకుంటే తిండి, నిద్ర, షుగర్ అన్నీ గాడి తప్పుతాయి. మొదటి ఏళ్లలో నైట్ డ్యూటీలు తప్పించుకోవడం కష్టం. అది చెయ్యాలనే ఉంటే నీ డాక్టరుతో కూర్చుని ఏర్పాటు ఆలోచించుకున్నాకే అడుగు వెయ్యి.

వాక్యం చెప్పడమే నీ భారమైతే ఆసుపత్రి చాప్లిన్ పని ఉంది, అంటే రోగుల పక్కన ఉండి వాళ్ల ఆత్మీయ అవసరాలు చూసుకునే సేవ. దానికి థియాలజీతో పాటు, రోగుల మధ్య ఒక గురువు పర్యవేక్షణలో నేర్చుకునే శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణకు మొదటి పునాదుల్లో ఒకటి వేసిన ఆంటన్ బోయిసెన్ 1920లో తీవ్రమైన మానసిక జబ్బుతో తానే ఆసుపత్రిలో ఉన్నాడు. 1924లో అలాంటి మరో ఆసుపత్రికే చాప్లిన్‌గా వెళ్లి, 1925 నుంచి థియాలజీ విద్యార్థులకు వార్డుల్లో శిక్షణ ఇచ్చాడు.

ఫుల్‌టైమ్ అన్న మాట గురించి కొంచెం. పెద్దవాళ్లు ప్రేమతోనే అంటున్నారు. అయినా ఆ మాట వినగానే ప్రసంగ వేదిక మాత్రమే కళ్లముందుకు వస్తే చిక్కే. పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. లూకాను ఆయన ప్రియమైన వైద్యుడన్నాడు. అందుకే నాన్నగారిని పిలుపుకు ఎదురు నిలిచిన మనిషిలా చూడకు. ఇన్సులిన్ నీకు జీవితాంతం కావాలి, దానికి డబ్బు కావాలి. ఆ లెక్క మీ ఇంట్లో రోజూ వేసుకునేది ఆయనే. ఆయన దగ్గరకు “నాకు పిలుపు ఉంది” అని వెళ్తే ఏ జవాబు ఇవ్వాలో ఆయనకు తోచదు. ఈ చదువు, ఇన్నేళ్లు, ఇంత ఖర్చు, ఈ ఉద్యోగం అని కాగితం మీద రాసుకుని వెళ్లు. ఆయన తప్పకుండా వింటారనే అనుకుంటున్నాను.

ఇప్పటికిప్పుడు ఏ కోర్సుకూ డబ్బు కట్టొద్దు. ముందు మూడు నెలలు ఒక పని చెయ్యి. ఆ బాబు దగ్గరకు వారానికి ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లు. వాళ్లమ్మను అడిగి, ఆవిడ ఎదురుగానే నేర్పు. మోతాదుల జోలికి వెళ్లకు, అది డాక్టరు పని. డయాబెటిస్ క్లినిక్‌లో ఎడ్యుకేటర్ ఎవరైనా ఉంటే ఒక పూట పక్కన కూర్చోనివ్వమని అడుగు. ఇంటికొచ్చాక ఒక నోటుపుస్తకంలో రెండే విషయాలు రాసుకో. ఈ రోజు ఎక్కడ గంటలు నిమిషాల్లా గడిచాయి? ఎక్కడ ఒళ్లు మొరాయించింది? పక్కనే ఆ రోజు షుగర్ అంకెలు, నిద్రపోయిన గంటలు కూడా వెయ్యి. నిన్ను బాగా ఎరిగిన ఒక్కరికి, పొగిడేవాళ్లకు కాకుండా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లకు, నెలకోసారి దాన్ని చూపించు. బైబిల్లో చిన్నపిల్లాడైన సమూయేలుకు కూడా తనను పిలుస్తున్నది ఎవరో మొదట తెలియలేదు. మూడుసార్లు లేచి యాజకుడు ఏలీ దగ్గరకే పరిగెత్తాడు. అది యెహోవా పిలుపని గ్రహించి చెప్పింది ఆ ముసలాయనే.

మూడు నెలలయ్యాక ఆ పుస్తకంలో ఏముందో నాకు రాయి. కోర్సు ఏదో అప్పుడు తేల్చుకుందాం. ఈ వారం ఆ బాబు దగ్గరకు బయల్దేరే ముందు మాత్రం నీ షుగర్ చూసుకుని, గ్లూకోజ్ బిళ్లలు రెండు పొట్లాలు పట్టుకెళ్లు. ఒకటి నీకు, ఒకటి వాడికి.