మనసు చదివే క్లాస్ రాస్తున్నారా? ముందు మా వంటవాడి కథ వినండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు (పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) సొంతంగా సైకిక్ క్లాస్, అంటే మనోశక్తులున్న పాత్ర రకం, రాస్తున్నాను, శక్తులకు పాయింట్లు పెట్టాలా, స్పెల్ స్లాట్లు (రోజుకు ఇన్ని మంత్రాలే వేయొచ్చన్న లెక్క) పెట్టాలా అని ఒకరు అడిగారు. ఏది పెట్టినా ఒకటే. వస్తువుల్ని గాల్లోకి లేపడం, దూరాన ఉన్నవాడిని కింద పడేయడం లాంటివి మామూలు మాంత్రికుడూ చేస్తాడు. ఆట నడిపేవాడి కొంప ముంచేది మనసు చదవడం ఒక్కటే. నా కొంప మునిగింది కాబట్టి చెబుతున్నా.

హైదరాబాద్‌లో శనివారం రాత్రుళ్లు మేం అయిదుగురం ఆడతాం. డీఎం, అంటే కథ చెబుతూ ఆట నడిపేవాడిని, నేనే. ఇంకెవరూ ముందుకు రారు, అది వేరే బాధ. మా రూమ్మేట్ సైకిక్‌గా ఆడతానంటే రెండు రాత్రులు కూర్చుని క్లాస్ రాసిచ్చా. రోజుకు 20 పాయింట్లు, ఒకరి మనసు చదవడానికి 2. అంతా లెక్క ప్రకారమే ఉందని తెగ మురిసిపోయా. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మ "సైకో ఏంట్రా, రాత్రిపూట అలాంటి ఆటలెందుకు?" అంది. సైకిక్ వేరు, సైకో వేరు అని ఇప్పటికీ నమ్మదు.

ఆ క్లాస్ కోసమే ఒక హత్య కథ అల్లా. కొండ మీద కోట, విందులో జమీందారు చావు, అనుమానితులు ఏడుగురు. ఉత్తరాలు పాతవిగా కనిపించాలని కాగితాలు టీలో ముంచి బాల్కనీలో ఆరబెట్టా. మూడు వారాల పని.

సెషన్ మొదలవగానే మావాడు "హాల్లో ఉన్నవాళ్ల మనసులు వరసగా చదువుతా" అన్నాడు. ఏడుగురికి 14 పాయింట్లు, ఇంకా 6 మిగులుతాయి. కూతురు ఏడుస్తోంది అన్నా. వైద్యుడు అప్పుల గురించి ఆలోచిస్తున్నాడు అన్నా. మూడోవాడికీ ఏదో అల్లేశా. నాలుగోవాడు వంటవాడు. హంతకుడు అతనే. నోట మాట రాలేదు. కాసేపు కాగితాలు తిరగేసి "అతను... ఏమీ ఆలోచించడం లేదు" అన్నా.

నలుగురూ ఒకేసారి "వీడే!" అని అరిచారు.

ఆర్డర్ చేసిన బిర్యానీ ఇంకా రాలేదు, హంతకుడు దొరికిపోయాడు. టీ మరకల ఉత్తరాలు కవర్లోంచి బయటికి కూడా రాలేదు. మిగతా రాత్రంతా లూడో ఆడాం.

తర్వాత పాత పుస్తకాలు తిరగేస్తే కాస్త ఊరట కలిగింది. ఆట తయారుచేసినవాళ్లకే ఇది కొరుకుడు పడలేదు. 1974లో ఆట వస్తే, 1976కే ఈ మనోశక్తుల్ని ఒక అనుబంధంలో తెచ్చారు. 1978 పుస్తకంలో అది క్లాస్ కూడా కాదు, పాచికలు కలిసొస్తే యోధుడికైనా ఊరికే దక్కే వరం. 1991లో సొంత క్లాస్ ఇచ్చారు. 2017లో మిస్టిక్ అని 20 లెవెళ్ల క్లాస్‌ను పరీక్షకు పెట్టారు గానీ అచ్చులోకి రానేలేదు. పాయింట్ల పద్ధతికి ఎప్పుడూ ఒకటే జబ్బు: ఉన్నవన్నీ ఒకే పోరులో కుమ్మరించేసి, పడుకుని లేస్తే మళ్లీ నిండుతాయి కదా అని "ఇక పడుకుందాం" అంటారు.

నాకు నచ్చింది 2020 ఏప్రిల్‌లో పరీక్షకు పెట్టిన పాచిక పద్ధతి. పుస్తకంలోకి వచ్చేసరికి దాన్నీ మార్చేశారు, ఎందుకో నాకు అర్థం కాదు. కొంచెం మార్చి నేను వాడుతున్నా. ఆరు ముఖాల పాచికతో మొదలు. ఆరు పడితే శక్తి బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, పాచిక నాలుగు ముఖాలదానికి దిగిపోతుంది. దాని మీద నాలుగు పడితే ఆ రోజుకి దుకాణం బంద్. ఒకటి పడితే మళ్లీ పెద్ద పాచిక. చూసేవాళ్లకూ టెన్షనే. ఆ నాలుగు ముఖాలది మాత్రం నేల మీద వదలకండి, చీకట్లో కాలికి దిగుతుంది.

ఇక అసలు మార్పు. మావాడికి ఇప్పుడు అందేది నిజం కాదు, అవతలివాడి తలలో ఆ క్షణాన మెదిలే ఒక్క బొమ్మ. ఇంకా లోతుకు దిగితే అవతలివాడికి తెలిసిపోతుంది. డిటెక్ట్ థాట్స్ అనే స్పెల్‌లో దాదాపు ఇదే ఉంది. పైపైన మెదిలే ఆలోచనలే తెలుస్తాయి, లోపలికి వెళ్తే ఎదుటివాడు పసిగడతాడు. అది చదవకుండా నేను సొంత తెలివి వాడా. డీఎం చేయాల్సింది, ప్రతి పాత్రకూ ఒక బొమ్మ ముందే రాసి పెట్టుకోవడం. నాలా నోరు వెళ్లబెట్టకూడదు.

తర్వాతి కథలో ముసలి కాపలావాడి మనసు చదివితే ఇంతే చెప్పా: "పొయ్యి మీద పాలు. పొంగుతున్నాయి. దించేవాళ్లు లేరు." అరగంట కొట్టుకున్నారు. ఒకడు పాలల్లో విషమన్నాడు, ఇంకొకడు ముసలాడికి ఆకలేస్తోందన్నాడు. చివరికి మావాడే లేచి వంటింట్లోకి వెళ్లి, మాడిన గిన్నె చూసి, "ఆ టైమ్‌కి ఇక్కడ ఉండాల్సిన మనిషి ఎక్కడికి పోయింది?" అన్నాడు. అప్పుడు తీశా టీ మరకల ఉత్తరం.

ఇప్పుడు పరకాయ ప్రవేశం కూడా కావాలంటున్నాడు. పదో లెవెల్ దాకా ఆ ఊసెత్తొద్దన్నా.