సెయింట్ హెలెన్స్ ఎక్కే ముందు రాత్రి సంగతి చూసుకో

చంటీ,

ఏప్రిల్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఎక్కి స్కీల మీద దిగుతాం అన్నావ్, పర్మిట్లు కూడా తీసేసుకున్నారట, మంచిదే. కానీ శనివారం ఎండ కాస్తుందని యాప్ చూపిస్తోందని సంబరపడుతున్నావ్ చూడు, నా భయమంతా అక్కడే. ముందు శుక్రవారం రాత్రి ఎలా ఉంటుందో చూడరా.

ఈ సీజన్లో పగలు కరిగిన మంచు రాత్రి మళ్లీ గడ్డకట్టాలి, అవలాంచ్ అంటే మంచు వాలు మీద నుంచి ఒక్కసారిగా జారిపడటం, దాన్నుంచి మనల్ని కాపాడేది అదే. ఆకాశం తేటగా ఉంటే మంచులో వేడి పైకి పోయి, గాలి టెంపరేచర్ సున్నాకి ఒకట్రెండు డిగ్రీలు పైనున్నా సరే, పైభాగం గట్టిపడుతుంది. అదే రాత్రంతా మబ్బు పట్టిందనుకో, దుప్పటి కప్పినట్టే, వేడి ఎటూ పోదు, తెల్లారేసరికి పైన పల్చటి పెచ్చు, కింద తడి ముద్ద. ఫోర్‌కాస్ట్‌లో ఫ్రీజింగ్ లెవెల్ అని ఇస్తారు, గాలి టెంపరేచర్ సున్నాకి చేరే ఎత్తు అది, శిఖరం 8,300 అడుగుల చిల్లర, ఆ లెవెల్ రాత్రంతా 10,000 పైనే ఉండి మబ్బు కూడా ఉంటే ఇక ఆ రోజు ఇంట్లో పడుకోండి, పర్మిట్ డబ్బులు పోతే పోయాయి.

మీరు ఎక్కే వర్మ్ ఫ్లోస్ రూట్ దక్షిణం వైపు, ఎండ బాగా కొడుతుంది, పైగా మార్బుల్ మౌంటెన్ పార్కింగ్ నుంచి దాదాపు 5,700 అడుగులు ఎక్కాలి. తెల్లవారుజామున మూడింటికల్లా నడక మొదలెట్టండి, శిఖరం అందినా అందకపోయినా మధ్యాహ్నం లోపు నిటారు వాలు దిగేసి ఉండాలి. వాచీ కంటే కాలు చెప్పేది విను, బూటు చీలమండ దాకా దిగబడుతున్నా, పైనుంచి మంచు ఉండలు చుట్టుకుంటూ దొర్లుతున్నా వెనక్కి తిరగడమే. తడి మంచు మెల్లగానే జారుతుందిలే అంటారు కొందరు, నమ్మకు, దాని బరువుకి కాళ్లు లాగేస్తే ఇక మన చేతిలో ఏం ఉండదు.

మదర్స్ డేకి జనం గౌన్లు వేసుకుని మరీ ఎక్కుతారు ఈ కొండ, అందుకే తేలిగ్గా అనిపిస్తుంది. పైకెళ్లాక మాత్రం అంచు దగ్గరికి పోవద్దు, గాలికి పేరుకున్న మంచు క్రేటర్ వైపు బయటికి పెరిగి ఉంటుంది, కింద ఏమీ ఉండదు, నిలబడ్డవాడికి తెలీదు. 2010లో అదే కొండని ఎన్నోసార్లు ఎక్కినాయన ఫోటో కోసం నిలబడితే విరిగి లోపలికి పడి చనిపోయాడు.

బీకన్ (మంచు కింద ఉన్నవాడి జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతివాడి దగ్గరా ఉండాలి, మంచులో పూడిపోయినవాడిని పది పదిహేను నిమిషాల్లో తీయాలి, రెస్క్యూ వాళ్లు అంతలో రారు, మీరే తవ్వాలి. ముందువారం పార్కులో బీకన్ దాచిపెట్టి వెతకడం ప్రాక్టీస్ చేయండి.

శుక్రవారం సాయంత్రం అవలాంచ్ ప్రమాదం ఎంతుందో చెప్పే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్ చూసి నాకు మెసేజ్ పెట్టు. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాసుకోండి, మంచు మీద ఎండ కిందనుంచి కూడా కొడుతుంది.

మీ పెదనాన్న