అమ్మ పిండితే నిండా ఇచ్చే గేదె, కొడుకు కూర్చుంటే ఎందుకు ఎగచేపుతుంది?

అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాక గేదెను మీరే పిండుతున్నారని, అమ్మకిచ్చినన్ని పాలు మీకు ఇవ్వకుండా పైకి బిగబట్టుకుని ఎగచేపుతోందని రాశారు. పశువుకు మనిషి గుర్తుంటాడా అని అనుమానపడ్డారు. ప్రేమగా చూస్తే పశువు ఎక్కువ పాలిస్తుందనే మాటకు పరిశోధనల్లో ఏమైనా ఆధారం ఉందా అని కూడా అడిగారు. మాది బాపట్ల వైపు. ఇంట్లో గేదెలూ ఉన్నాయి, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులూ ఉన్నాయి. చదివినదీ చూసినదీ కలిపి చెప్తాను. ప్రేమ సంగతి తర్వాత, ముందు భయం సంగతి చూడండి.

పొదుగులో పాలన్నీ కుండలో నీళ్ళలా సిద్ధంగా ఉండవు. చన్నుకు పైనున్న గదిలోకి ముందే దిగి ఉండేవి ఆవులో సుమారు ఐదో వంతు, గేదెలోనైతే ఇరవయ్యో వంతే. మిగతావన్నీ పైన సన్నని తిత్తుల్లో ఉంటాయి. దూడ కుడిచినప్పుడో, మనం పొదుగు కడిగి నిమిరినప్పుడో మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది తిత్తుల చుట్టూ ఉన్న కండరాలను బిగిస్తేనే పాలు కిందికి దిగుతాయి. ఇలా పాలు దిగడాన్నే చేపడం అంటాం. ఆవు నిమిషంలో చేపితే గేదె అంతకంటే చాలాసేపు తీసుకుంటుంది, పైగా ఆ ప్రభావం కొన్ని నిమిషాలే ఉంటుంది. ఈలోపు పశువు బెదిరిందంటే ఆక్సిటోసిన్ సరిగా రాదు, భయపడినప్పుడు పుట్టే అడ్రినలిన్ హార్మోను ఎక్కితే వచ్చింది కూడా పని చేయదు. కాబట్టి గేదె కావాలని దాచుకుంటోందని, పొగరని తిట్టడంలో అర్థం లేదు. దాని చేతిలో ఏమీ లేదు.

ఇది చాలా పాత సంగతే. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పిండే ముందు ఆవుల్ని బెదిరించి చూశారు. ఎలాగంటే ఆవు వీపు మీద ఒక పిల్లిని పెట్టి, పది సెకన్లకొకసారి కాగితపు సంచిని గాలి ఊది పేల్చేవారు. అలా రెండు నిమిషాలు. తర్వాత పిల్లి అక్కర్లేదని తేలిందట, సంచులే సరిపోయాయి! పాలు మాత్రం బాగా తగ్గాయి.

మా కొట్టంలో పిల్లీ లేదు, సంచులూ లేవు. కొన్నాళ్ళు పిండటానికి ఒక మనిషిని పెట్టుకున్నాం. చెయ్యి మంచి వేగం, బకెట్లో నురగ తేలేది. కానీ నోరూ దురుసే, చెయ్యీ దురుసే. గేదె కాలు కదిపితే చాలు, డొక్కలో మోచేత్తో ఒక్కటి ఇచ్చేవాడు. లీటర్లలో తేడా కొద్దిగానే కనిపించింది. అసలు దెబ్బ పాలకేంద్రం చీటీలో తెలిసింది. ఏడు శాతం దాటే వెన్న ఆరు దగ్గరికి పడిపోయింది. దాణా అదే, గడ్డి అదే. లెక్క ఏమిటంటే ముందు దిగే పాలు పల్చగా ఉంటాయి, ఆఖరి ధారల్లోనే వెన్న ఎక్కువ. ఆ ఆఖరి పాలు పొదుగులోనే ఉండిపోతున్నాయన్నమాట. రోజూ అలా మిగిలిపోతుంటే పొదుగు కూడా ఉత్పత్తి తగ్గించుకుంటుంది, పశువు తొందరగా వట్టిపోతుంది.

మా గేదెల్లో ఒక ముర్రా గేదె ఉండేది. అతని బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే నెమరు ఆపేసేది. చెవులు వెనక్కి వెళ్ళేవి, తోక కాళ్ళ మధ్యకు నొక్కుకునేది. అతను బండికి స్టాండు వేసేలోపు పల్చగా పేడ వేసేది. ఇంక చన్ను ముట్టుకున్నా ఒకటే, ముట్టుకోకపోయినా ఒకటే. అతన్ని మాన్పించి మా పిన్ని పిండటం మొదలుపెట్టాక వెన్న పైకి రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ గేదె మాత్రం ఆ ఈతలో పాలు వట్టిపోయేదాకా ఏ బండి చప్పుడు విన్నా ఉలిక్కిపడేది.

1999లో రషెన్, డి పసీయే, ముంక్స్‌గార్డ్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఆవులకు ఇద్దరు మనుషుల్ని అలవాటు చేశారు. ఒకరు మెత్తగా ఉంటారు, ఇంకొకరు కొడతారు. తర్వాత పిండేటప్పుడు వాళ్ళిద్దరిలో ఒకరు దగ్గర నిలబడతారు, అంతే. కొట్టిన మనిషి ఊరికే నిలబడ్డ రోజున పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం ఎక్కువగా ఉన్నాయి. అంటే పశువుకు మనిషి గుర్తుంటాడా అనే మీ అనుమానానికి జవాబు దొరికినట్టే. అయితే ఎలా గుర్తుపడుతుందన్నది వేరే సంగతి. ముఖం, ఎత్తు మాత్రమే కాదు, వేసుకున్న బట్టల రంగును కూడా ఆనవాలుగా పెట్టుకుంటాయని అదే బృందంలోని వాళ్ళ మరో పని చెప్తుంది. మన ఊళ్ళలో మగవాళ్ళు ఆడవాళ్ళ చీర చుట్టుకుని పిండటానికి కూర్చుంటే నవ్వుతారు గానీ, అందులో వాసనా ఉంది, రంగూ ఉంది. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి, అమ్మ పాత చీర ఒకటి భుజాన వేసుకుని కూర్చోండి.

ఇక ప్రేమ సంగతి. ఆవుకు పేరు పెడితే ఎక్కువ పాలిస్తుందని పేపర్లలో వచ్చింది మీరూ చూసే ఉంటారు. అది 2009లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 516 మంది పాడి రైతుల్ని అడిగి రాసింది. పేరు పెట్టి పిలిచే చోట ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువిచ్చిందని లెక్క. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి, ఇగ్ నోబెల్, కూడా దానికి వచ్చింది. నాకు దాని మీద పెద్ద గురి లేదు. పేరు పెట్టేవాళ్ళు ఒక్కో పశువునూ విడిగా కనిపెట్టుకుని ఉంటారు, జబ్బు చేస్తే ముందే పసిగడతారు. పాలు పెరిగింది దాని వల్ల కావచ్చు. లక్ష్మి అని పిలిచినంత మాత్రాన పాలు కురవవు.

దానికంటే నన్ను ఆకట్టుకున్నవి పశువును అడిగి తెలుసుకునే ప్రయోగాలు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక గేటుకు బరువులు పెంచుకుంటూ పోయి, దేనికోసం ఆవు ఎంత బరువు నెడుతుందో చూశారు. తాజా మేత కోసం ఎంత నెట్టిందో పచ్చిక బయలుకు వెళ్ళడానికీ అంతే గట్టిగా నెట్టింది. తిరిగే బ్రష్ దగ్గర ఒళ్ళు రుద్దుకోవడానికీ అంతే. మరి మనమేమో పొట్టి పలుపుతో కట్టేసి, గాటి నిండా గడ్డి వేస్తే చాలనుకుంటాం! పడుకోవడం కూడా అంతే ముఖ్యం, పాడి ఆవు రోజులో పన్నెండు గంటల దాకా పడుకోవాలనుకుంటుంది. పడుకోనివ్వకుండా ఆపి, మేతా విశ్రాంతీ రెండూ ఒకేసారి ముందు పెడితే ముందు పడుకుంటుంది. మేం స్తంభానికి కొబ్బరి పీచు బ్రష్ కట్టాం. దానికోసం గేదెలు పోట్లాడుకుంటాయి.

నిమరడం మీద వియన్నాలో పని జరిగింది. ఆవులు ఒకదాన్నొకటి నాకే చోట్లలో, ముఖ్యంగా మెడ కింద నిమిరితే మెడ చాచి చెవులు వేలాడేస్తాయి. మన పెద్దవాళ్ళు గంగడోలు నిమిరేది అందుకే. పిర్ర మీద చరిచి 'భలే' అనడం మనకు ముద్దే గానీ దానికి కాదు.

మీ గేదెకు మీరంటే భయముందో లేదో సులువుగా చూడొచ్చు. యూరప్‌లో కొట్టాల తనిఖీకి వాడే పద్ధతే ఇది. అది మేత దగ్గర ఉన్నప్పుడు ఎదురుగా రెండు మీటర్ల దూరం నుంచి చెయ్యి కొంచెం ముందుకు చాపి మెల్లగా నడిచి వెళ్ళండి. ఎక్కడ తల వెనక్కి తీసుకుంటుందో చూడండి. మూతి తాకనిస్తే మీకు అడ్డు భయం కాదు, కొత్తదనమే. మూరెడు దూరంలోనే వెనక్కి జరిగితే వారం పది రోజులు పిండే పని పక్కన పెట్టి దాణా, నీళ్ళు, కడగడం మీ చేతి మీదుగా జరగనివ్వండి. ఆ తర్వాత అమ్మ గేదె తల దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే మీరు పిండండి. వేళ మార్చొద్దు, చోటు మార్చొద్దు. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, దూడను వదిలి, చన్నులు బిగిసేదాకా ఆగండి. చేపాక మాత్రం ఆగకుండా ఐదారు నిమిషాల్లో పిండేయాలి. మధ్యలో ఫోన్ ఎత్తకండి. సూదులు, మందులు పిండే చోట, పిండే వేళ వేయించొద్దు.

ఎవరైనా ఆక్సిటోసిన్ సూది వేస్తే సరిపోతుందని సలహా ఇస్తారు. వద్దు. రోజూ వేస్తే సూది లేనిదే చేపని స్థితికి వస్తుంది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

ఒకటి మాత్రం చూసుకోండి. నాలుగు చన్నుల్లోనూ తగ్గిందా, ఒక్కదానిలోనేనా? ఒక్కదానిలోనే అయితే దాని మొదటి ధారలు నల్ల గుడ్డ మీద పిండి చూడండి. విరుగులు కనిపిస్తే అది పొదుగువాపు, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.