ఇల్లూ, ఇంటిపేరూ

అమ్మాయికి,

ఆశీస్సులు. న్యూజీలాండ్ నుంచి నువ్వు ఫొటోలు తీసి పంపిన పదకొండు పేజీలూ అందాయి. ఫోనులో చదవలేక మనవడి చేత అచ్చు తీయించుకున్నాను. ఇంకా చేత్తోనే రాస్తున్నావని తెలిసి సంతోషమేసింది. "మాస్టారూ, ఆక్లండ్ ఇళ్ల ధరలకు మన ఆసియావాళ్లు కారణం కాదని నిరూపించాను, పత్రికకు పంపవచ్చా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఏం నిరూపించాలో ముందే తేల్చుకుని, ఆ తరువాత అంకెలు వెతుక్కున్నావు. చదివేవాడికి అది మూడో పేజీకల్లా తెలిసిపోతుంది.

చిన్న విషయాలు ముందు. "ఆకాశాన్నంటిన ధరలు" మొదటి పేజీలోనే మూడుసార్లు వచ్చింది. మూడూ కొట్టేయి. "డ్రాగన్ కోరలు" అన్నది వెటకారానికే రాశావు, తెలుస్తూనే ఉంది. అయినా కొట్టేయి. ఇలాంటి మాటలు ఎవరిని ఎగతాళి చేయడానికి రాశామో వాళ్లకే పనికొస్తాయి.

రెండో పేజీలోని వేలంపాట మాత్రం బాగుంది. దానితోనే మొదలుపెట్టు. ఇంటి ముందు పచ్చికలో జనం, చెయ్యి ఎత్తిన చైనా ముసలావిడ, సుత్తి పడగానే అందరి తలలూ ఆవిడ వైపు తిరగడం, ఇవన్నీ నాకు కనబడ్డాయి. కానీ ఆవిడ ముప్పై ఏళ్లుగా పక్కవీధిలోనే ఉంటోందని తరువాత బయటపెట్టి, దాంతో వాదం గెలిచినట్టు సంబరపడ్డావు. ఒక్క ముసలావిడ స్థానికురాలైతే మిగిలినవాళ్లందరూ స్థానికులైపోతారా? ఆవిడ చేతిని పట్టుకుని ఊరంతటికీ తీర్పు చెప్పడం, 2015లో అవతలివాళ్లు చేసిన పనే.

ఆ సంగతి నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగాలి. ఆ ఏడాది జూలైలో, ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ తరఫున ఫిల్ ట్వైఫర్డ్ ఒక లెక్క బయటపెట్టాడు. ఆక్లండ్‌లో ఒక పెద్ద స్థిరాస్తి సంస్థ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అమ్మిన దాదాపు 4,000 ఇళ్ల జాబితా అది. కొన్నవాళ్లలో 39.5 శాతం మందివి చైనావాళ్ల ఇంటిపేర్లలా ఉన్నాయన్నారు. నగర జనాభాలో చైనా మూలాలవాళ్లు 9 శాతమే కాబట్టి, మిగతా డబ్బు సముద్రం దాటి వస్తోందని సూచన. ఇంటిపేరు మనిషి ఎక్కడివాడో చెబుతుందేమో గాని, ఎక్కడుంటున్నాడో చెప్పదు. హైదరాబాదులో ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికైనా వెళ్లి దస్తావేజుల్లో ఇంటిపేర్లు చదువు. వీళ్లలో డాలస్‌లో ఉండేది ఎవరు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేది ఎవరు? చెప్పగలవా? ఇంటితో పుట్టిన మాట "ఇంటిపేరు" మన భాషలోనే ఉంది. పదకొండు పేజీల్లో అది నీకు ఒక్కసారీ తట్టలేదంటే, ఇంకా ఇంగ్లీషులోనే ఆలోచించి తెలుగులో రాస్తున్నావని అర్థం.

అక్కడి చైనావాళ్లకు ఆ లెక్క ఎందుకంత మండిందో కూడా రాయి. 1881లో న్యూజీలాండ్ చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీద 10 పౌండ్ల తలపన్ను వేసింది. 1896లో దాన్ని 100 పౌండ్లు చేసింది. 2002లో లేబర్ పార్టీ ప్రధాని హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పిన పదమూడేళ్లకు, అదే పార్టీవాళ్లు మళ్లీ పేర్లు లెక్కపెట్టారు. ఇది చెబితే చాలు, కోపం పాఠకుడికే వస్తుంది. నీ కోపం నువ్వు దాచుకో.

ఇప్పుడు నీ తప్పు. 2018 మొదటి మూడు నెలల్లో దేశమంతటా చేతులు మారిన ఇళ్లలో, పౌరసత్వం గాని నివాస వీసా గాని లేనివాళ్లకు వెళ్లినవి సుమారు 3 శాతమేనని ఎత్తి చూపావు. నిజమే. కానీ ఆ అంకె ఇచ్చిన గణాంక శాఖే, అదే మూడు నెలలకు, ఆక్లండ్ నడిబొడ్డున అపార్టుమెంట్లు కిక్కిరిసిన వైతెమతా ప్రాంతంలో సుమారు 22 శాతమని చెప్పింది. ఆ అంకె నీ కంట పడకుండా ఉండదు, రెండూ ఒకే చోట ఉంటాయి. ఎందుకు వదిలేశావు? అది నీకు ఎదురు తిరిగే అంకె గనుక. అమ్మా, దాన్ని తెచ్చి వ్యాసం నడుమ కూర్చోబెట్టు. దేశానికి 3, ఒక పేటకు 22 అయినప్పుడు "ధర పెంచుతున్నారా లేదా" అన్న ప్రశ్నకు జవాబు ఒకటే ఉండదు. ఏ వీధి, ఏ రకం ఇల్లు అని అడగాల్సి వస్తుంది.

నేనూ ఈ గోతిలో పడ్డవాడినే. పత్రిక డెస్కులో చేరిన కొత్తలో "ఎన్నారైల డబ్బుతో భూములకు రెక్కలు" అని శీర్షిక పెట్టాను. ఆధారం ఇద్దరు బ్రోకర్ల మాట. ఎంతమంది ఎన్నారైలు కొన్నారని మా సీనియర్ ఒకాయన అడిగితే నోట మాట రాలేదు.

చట్టం గురించి నువ్వు రాసింది పొడిగా ఉంది. అసలు రసమంతా అక్కడే ఉంది. 2018 అక్టోబరు 22 నుంచి, నివాస వీసా లేని విదేశీయులు చాలావరకు అక్కడ కట్టి ఉన్న ఇళ్లు కొనకూడదు. ఆస్ట్రేలియా, సింగపూర్ పౌరులకు మినహాయింపు. సింగపూర్‌వాడు ఆసియావాడే, అయినా కొనవచ్చు. లండన్‌లో ఉన్న బ్రిటన్ పౌరుడు, తెల్లవాడైనా, మామూలుగా కొనలేడు. ఆక్లండ్‌లోనే ఉద్యోగం చేస్తూ, పన్ను కడుతూ, అద్దె ఇంట్లో ఉంటున్న నువ్వు, పని వీసా మీద ఉన్నంతకాలం కొనలేవు. చట్టం దృష్టిలో "బయటివాడు" వేరు, వేలంపాటలో తలలు తిప్పి చూసినవాళ్ల దృష్టిలో వేరు. నీ వ్యాసానికి నువ్వే సాక్షివి. అయినా ఎక్కడా "నేను" అన్న మాటే లేదు!

ఇక నిషేధం తరువాతి కథ. అప్పుడు దేశంలో నడిమి ధర, అంటే అమ్ముడైన ఇళ్లలో సగం అంతకు తక్కువకు, సగం ఎక్కువకు పోయే ధర, 5.5 లక్షల న్యూజీలాండ్ డాలర్ల ప్రాంతంలో ఉంది. 2020 మార్చిలో సరిహద్దులు మూసేశారు, పరాయివాడు అడుగుపెట్టే దారి దాదాపు లేదు. రిజర్వు బ్యాంకు వడ్డీరేటును 0.25 శాతానికి దించింది. 2021 నవంబరుకు ఆ నడిమి ధర 9.25 లక్షలకు చేరింది. తరువాత వడ్డీ 5.5 శాతానికి ఎక్కింది, ధరలు దిగాయి. నా మట్టుకు నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. దేశం మొత్తం ధరను మోసింది వడ్డీ, ఇంటిపేరు కాదు. అలాగని విదేశీ సొమ్ము ప్రభావం సున్నా అని రాయకు. 2016 చివర చైనా తన ప్రజల డబ్బు బయటకు పోకుండా బిగించింది. ఆ అక్టోబరులోనే న్యూజీలాండ్ పెట్టుబడిదారుల అప్పుల మీద పగ్గాలు వేసింది. ఆ తరువాత ఆక్లండ్ ధరలు చాలాకాలం కదలలేదు. రెండూ ఒకేసారి జరిగాయి. వాటిలో ఏది ఎంత పని చేసిందో తూకం వేసి చెప్పేవాడిని నమ్మకు, నువ్వూ అలా చెప్పకు.

మళ్లీ ఆ వేలంపాటకు వస్తాను. పాటలో ధరను పైకి తీసుకుపోయేది గెలిచిన మనిషి ఒక్కరే కాదు, చివరిదాకా వదలకుండా పాడి ఆగిపోయిన రెండోవాడు కూడా. అతను ముందే తప్పుకుని ఉంటే ఆ ముసలావిడకు ఇల్లు చవకగా వచ్చేది. అతను స్థానికుడని, ఉన్న ఇంటి మీద అప్పు తెచ్చి రెండో ఇంటికి పాడుతున్నాడని ఏడో పేజీ అంచున పెన్సిలుతో రాసుకున్నావు. అతని వైపు ఎవరూ చూడలేదు. నువ్వూ చూడలేదు, ఒక్కసారి తప్ప. కారు ఎక్కేముందు భార్యతో ఏదో అన్నాడని రాసి, మళ్లీ కొట్టేశావు. కొట్టేసిన గీత కింది అక్షరాలు భూతద్దం పెట్టినా నాకు అందలేదు. ఏమన్నాడు?

మీ
మాస్టారు